నొప్పి తెలియని పాదం



ఔట్‌పేషెంట్ విభాగంలోకి "అమ్మా, అయ్యో" అని మూలుగుతూ వచ్చేవారిని చూసి కొత్త నర్సులు కంగారు పడతారు గానీ నేను అంతగా పడను. నొప్పి ఉన్న మనిషి తనంతట తానే ఆసుపత్రికి వస్తాడు. కట్టు కట్టించుకుంటాడు. కాలు కింద పెట్టవద్దంటే పెట్టడు. నాకు భయం వేసేది అరికాలిలో రూపాయి బిళ్లంత పుండు పెట్టుకుని, బూటు వేసుకుని మామూలుగా నడుచుకుంటూ వచ్చి, "నొస్తలేదు సిస్టరమ్మా, సాక్సుకు నెత్తురంటింది, ఊకె చూపిద్దామని వచ్చిన" అనేవారిని చూసినప్పుడు.

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి మన మాదాపూర్‌లో రెండు రకాల పాదాలు పెరిగాయి. పన్నెండు గంటలు బూట్లతో గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ వారివి, మేస్త్రీలవి, హౌస్ కీపింగ్ అక్కలవి ఒక రకం. ఏ.సి. గదిలో రాత్రంతా కుర్చీకి వేలాడే పాదాలు రెండవ రకం. మధుమేహం ఈ రెంటిలో తేడా చూడదు. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగరు ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. షుగరు గురించి ఈ పత్రికలో ఎన్నోసార్లు వ్రాశాము. ఈసారి అన్నం, చపాతీ లెక్కలు కాకుండా, అసలు మనకు ఒక సంగతి "తెలియడం" అంటే ఏమిటి, అది తెలియకుండా పోతే ఏమవుతుంది అన్నది చెప్పాలని ఉంది.

తాకడం వేరు, తెలియడం వేరు

మన అనుభవంలో ఒకటిగా కనిపించేది నిజానికి రెండు పనులు. చర్మం, కన్ను, చెవి, ముక్కు, నాలుక బయటి సంగతిని పట్టుకుని నరాల గుండా మెదడుకు పంపడం మొదటిది. మానసిక శాస్త్ర పుస్తకాలలో దీనిని సంవేదన అంటారు. అలా వచ్చిన వార్తను మెదడు పాత జ్ఞాపకాలతో, అప్పటి మనస్థితితో కలిపి "ఇది ఫలానాది" అని తేల్చుకోవడం రెండవది. దీని పేరు ప్రత్యక్షం. నర్సింగ్ డిప్లొమాలో ఈ రెండు నిర్వచనాలూ మాచేత బట్టీ పట్టించారు. వార్డులో అవి ఎందుకు పనికివస్తాయో మాత్రం పేషెంట్లే నేర్పారు.

ఆదికాండము 27వ అధ్యాయం మీకు తెలిసినదే. ఇస్సాకు ముసలివాడు, చూపు ఆనదు. యాకోబు మేకపిల్లల తోలు చేతులకు చుట్టుకుని, అన్న బట్టలు కట్టుకుని తండ్రి దగ్గరకు వచ్చాడు. చెవి ఒక కొడుకు పేరు చెప్పింది, వేళ్లు ఇంకో కొడుకు పేరు చెప్పాయి, ముక్కు వేళ్ల పక్షాన చేరింది. ఇస్సాకుకు చెవుడు లేదు, గొంతు ఎవరిదో చెవి సరిగ్గానే పట్టింది. అయినా తీర్పు చెప్పేది చెవి కాదు, మనస్సు. సంవేదనలన్నీ సక్రమంగా ఉండి ప్రత్యక్షం తప్పిన సందర్భం అది.

ఇప్పటి ఉదాహరణ కావాలంటే మన జేబులోనే ఉంది. ఫోన్ మోగకుండానే జేబులో వణికినట్టు అనిపించి చెయ్యి పెట్టి చూసుకోవడం మీలో చాలామందికి అనుభవమే. 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అమెరికాలోని ఒక ఆసుపత్రి సిబ్బందిని అడిగి ప్రచురించిన లెక్కలో, మూడింట రెండు వంతుల మంది తమకు ఇలా అవుతుందన్నారు. పిలుపు కోసం ఎదురుచూసే మెదడు, బట్ట రాపిడిని కూడా పిలుపుగానే చదువుకుంటుంది. ఆన్‌కాల్ డ్యూటీలో ఉండే సాఫ్ట్‌వేర్ పిల్లలూ, మా డ్యూటీ డాక్టర్లూ ఈ విషయంలో ఒక్కటే.

చర్మం అంతా ఒకే రకంగా తెలివైనది కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో జర్మనీకి చెందిన వేబర్ అనే శాస్త్రజ్ఞుడు రెండు మొనలను పక్కపక్కనే ఆనించి, ఎంత దూరం ఉంటే అవి రెండుగా తెలుస్తాయో కొలిచాడు. వేలికొనకు రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం చాలు. వీపు మీద దాదాపు నాలుగు సెంటీమీటర్ల ఎడం ఉంటే గానీ రెండని తెలియదు. ఇంట్లో రెండు అగ్గిపుల్లలతో చేసి చూడండి, పిల్లలకు మంచి కాలక్షేపం కూడాను. పాదం ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. మోయడానికి పుట్టినదే అయినా కింద నేల ఎలా ఉందో చదివే పని కూడా దానిదే.

కారం సంగతి కొంచెం చెప్పాలి. ఉగాది పచ్చడిలో ఆరు రుచులు అంటాం గానీ, అందులో కారం నాలుక మీది రుచి మొగ్గల పని కాదు. మిరపకాయలో ఉండే క్యాప్సైసిన్ అనే పదార్థం, వేడికి కదిలే నరాల మీది ఒక తలుపును తెరుస్తుంది. మామూలుగా ఆ తలుపు సుమారు 43 డిగ్రీల వేడికి తెరుచుకుంటుంది. మిరపకాయ తగిలితే వేడి లేకుండానే తెరుచుకుంటుంది. అందుకే మిరపకాయలు తరిగిన చెయ్యి మండుతుంది, చేతికి నాలుక లేకపోయినా. ఈ తలుపును 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు, స్పర్శను పట్టే తలుపులు కనిపెట్టిన పటపూటియన్‌కు కలిపి 2021లో నోబెల్ బహుమతి ఇచ్చారు. పుదీనా పువ్వు, అంటే మెంథాల్, చల్లదనం చెప్పే తలుపును తెరుస్తుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం నుదుటికి రాస్తే చల్లగా ఉండేది ఇందుకే. థర్మామీటరు పెట్టి చూస్తే నుదురు అంతే వేడిగా ఉంటుంది.

ఇక నొప్పి. చీకట్లో మంచం కోడుకు కాలివేలు కొట్టుకున్నప్పుడు గమనించండి. ముందు "తగిలింది" అని తెలుస్తుంది, తరువాత చురుక్కుమంటుంది, ఆ తరువాత మెల్లగా సలుపు మొదలవుతుంది. స్పర్శ తెచ్చే నరాలు సెకనుకు యాభై మీటర్ల వేగంతో పోతాయి. సలుపు తెచ్చే సన్నని నరాలు సెకనుకు ఒక మీటరు పోతే ఎక్కువ. వెంటనే వేలు పట్టుకుని రుద్దుకుంటాం. ఎవరూ నేర్పకుండానే చేసే ఈ పనికి 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు కారణం చెప్పారు. వెన్నుపాములో ఒక గేటు వంటిది ఉంటుందని, రుద్దినప్పుడు లావు నరాల గుండా వచ్చే స్పర్శ వార్త ఆ గేటును కొంత మూస్తుందని వారి సిద్ధాంతం. వివరాలు తరువాత కొన్ని మారాయి గానీ, నొప్పి తీగ మీద వచ్చే కరెంటు వంటిది కాదని, దారిలో హెచ్చుతగ్గులు జరుగుతాయని అప్పటి నుండి అందరూ ఒప్పుకున్నారు.

గేటును పైనుండి మూసేది మెదడే. రెండవ ప్రపంచయుద్ధంలో ఇటలీలో పనిచేసిన అమెరికన్ వైద్యుడు బీచర్, తీవ్రంగా గాయపడిన సైనికులలో ఎక్కువమంది నొప్పికి మందు వద్దనడం చూసి ఆశ్చర్యపోయాడు. ఆ గాయం వారికి యుద్ధం నుండి విడుదల. అదే గాయం మన కార్ఖానాలో అయితే జీతం పోవడం, అప్పు పెరగడం. శరీరానికి తగిలినది ఒకటే, మనస్సు చదివే అర్థం వేరు. వార్డులో సాయంత్రం విజిటర్లు వెళ్లిపోయాక నొప్పులు పెరుగుతాయి. అవి నటన కావు. తోడు లేనప్పుడు గేటు మూసే చెయ్యి బలహీనపడుతుంది. 1968లో అమెరికన్ నర్సు మార్గో మెకాఫరీ, పేషెంటు ఎంత నొప్పి అని చెబితే అంతే అని లెక్క వేసుకోవాలని బోధించింది. ఒక నర్సు చెప్పిన మాట డాక్టర్ల పుస్తకాలలోకి ఎక్కడం నాకు ఇష్టమైన విషయాలలో ఒకటి.

నొప్పిని తీసేయడంలో మన నగరానికి పాత చరిత్రే ఉంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1888లోను 1889లోను, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో క్లోరోఫాం మీద హైదరాబాద్ కమిషన్లు జరిగాయి. ఇక్కడే చదివిన రూపాబాయి ఫర్దూన్జీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరిగా చెబుతారు. నొప్పి వద్దనుకునే మనకు, నొప్పి పూర్తిగా లేని బతుకు ఎలా ఉంటుందో చూపించినది మాత్రం కుష్ఠు వ్యాధి.

కుష్ఠు ఆసుపత్రులు నేర్పిన పాఠం

కుష్ఠులో మాంసం తనంతట తానే కుళ్లి వేళ్లు ఊడిపోతాయని చాలాకాలం నమ్మారు. ఇప్పటికీ నమ్మేవారున్నారు. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ ఆ క్రిమిని కనిపెట్టాక కూడా ఆ నమ్మకం పోలేదు. 1914లో తమిళనాడులోని కొల్లి కొండలలో మిషనరీల బిడ్డగా పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్, 1946లో వెల్లూరు సి.ఎం.సి.కి వచ్చాక ఈ ప్రశ్నను పట్టుకున్నాడు. తుప్పు పట్టిన తాళాన్ని తాను తిప్పలేకపోతుంటే ఒక కుర్రవాడు వచ్చి సులువుగా తిప్పడం, వాడి వేలు ఎముక కనిపించేటంతగా తెగి ఉండడం, అది వాడికి తెలియకపోవడం ఆయన కళ్లారా చూశాడు. ఉదయం లేచేసరికి కొందరికి వేలి ముక్క కనిపించకపోతే రాత్రి కాపలా కూర్చుని చూశారు. ఎలుకలు కొరుకుతున్నాయి, మనిషి హాయిగా నిద్రపోతున్నాడు. ఆ తరువాత ఇంటికి వెళ్లే పేషెంట్లకు పిల్లిని కూడా ఇచ్చి పంపేవారట. వేళ్లను తినేసినది క్రిమి కాదు. క్రిమి నరాన్ని చంపింది. మిగిలినదంతా తాళాలు, పొయ్యిలు, మేకులు, ఎలుకలు, రోజువారీ నడక చేసిన పని.

బ్రాండ్ 1966లో అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లి ఇంకొక ప్రయత్నం చేశాడు. నొప్పి లేనివారికి కృత్రిమంగా నొప్పి తయారుచేద్దామని చేతి తొడుగులలో ఒత్తిడి కొలిచే పరికరాలు పెట్టారు. ఒత్తిడి ఎక్కువైతే చెవిలో శబ్దం వస్తుంది. పేషెంట్లు పట్టించుకోలేదు. చురుకుమనే కరెంటు షాక్ పెట్టారు. పని తొందరగా అవ్వాలనుకున్నప్పుడు స్విచ్ ఆపేసి, పని ముగించి, మళ్లీ వేసుకున్నారు. మన నొప్పికి స్విచ్ లేదు. దాని విలువంతా అందులోనే ఉందని ఆయన వ్రాశాడు. పుట్టుకతో నొప్పి తెలియని కుటుంబాల గురించి 2006లో నేచర్ పత్రికలో వచ్చింది. పాకిస్తాన్‌లో నిప్పుల మీద నడిచి ప్రదర్శనలిచ్చే ఒక బాలుడిని పరీక్షించాలనుకునేలోగా, పద్నాలుగేళ్లు నిండకుండానే ఇంటి పైకప్పు మీద నుండి దూకి చనిపోయాడు.

మన ప్రాంతంలో ఈ సేవ పాతదే. డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండ్ జార్జి కెర్ ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రిని నెలకొల్పారు. దానికి పెద్ద విరాళం ఇచ్చినది రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. సాలూరులో ఫిలడెల్ఫియా ఆసుపత్రి ఉంది. మాదాపూర్‌కు ఎంతో దూరం లేని కూకట్‌పల్లిలో రాణి కుముదినీ దేవి 1958లో శివానంద పునరావాస కేంద్రం ప్రారంభించారు. 2005 చివరికి దేశస్థాయిలో కుష్ఠు పది వేల మందిలో ఒకరి కంటే తగ్గిందని ప్రభుత్వం ప్రకటించింది గానీ, కొత్త కేసులు వస్తూనే ఉన్నాయి. చర్మం మీద పాలిపోయిన మచ్చ ఉండి, అక్కడ దూదితో తాకితే తెలియకపోతే చూపించుకోండి. మందు ఉచితం. ఆరు నెలలు, లేక సంవత్సరం వాడితే నయమవుతుంది.

షుగరు పాదం

ఆ వార్డులలో నేర్చుకున్నదంతా ఇప్పుడు మధుమేహం వార్డులో పనికివస్తున్నది. కుష్ఠు చర్మం మీద అక్కడక్కడా మచ్చలుగా, చల్లగా ఉండే భాగాలలోని నరాలను పట్టుకుంటుంది. షుగరు అన్నిటికంటే పొడవైన నరాలను ముందు దెబ్బతీస్తుంది. నడుము దగ్గర బయలుదేరి కాలివేలి దాకా పోయే నరం పొడవు దాదాపు మీటరు. అంత దూరం ఆహారం, మరమ్మతు సరుకులు మోసుకుపోవాలి. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఆ కొసలు ముందు ఎండిపోతాయి. అందుకే నష్టం రెండు పాదాలలోను వేళ్ల నుండి మొదలై సాక్సు తొడిగినట్టు పైకి పాకుతుంది.

మొదట్లో పేషెంట్లు చెప్పే మాటలు నాకు కంఠస్థం. చీమలు పాకినట్టుంది, రాత్రి అరికాళ్లు మంటలు, దుప్పటి తగిలినా ఓర్చుకోలేను. తరువాత, దూది మీద నడిచినట్టుంది. ఆ తరువాత, చెప్పు జారిపోయి వీధిలో ఉండిపోయింది, ఇంటికొచ్చాక చూసుకున్నాను. చాలామంది మంటలు తగ్గినప్పుడు "నయమైంది" అనుకుని మందు మానేస్తారు. మంట తగ్గడం నరం కోలుకున్నందుకా, చచ్చినందుకా అన్నది తాకి చూస్తే గానీ తెలియదు.

మెదడుకు పాదం నుండి వార్త రాకపోతే ఖాళీ కనిపించదు. చీకటి పడినట్టు ఏమీ ఉండదు. అంతా బాగానే ఉంది అన్న భావమే ఉంటుంది. ఇదే ఈ జబ్బులోని మాయ. కాలు నొప్పి పెడితే మనం తెలియకుండానే బరువు పక్కకు మార్చి కుంటుతాం. ఆ కుంటడమే కాలును కాపాడుతుంది. నొప్పి తెలియని మనిషి ఒకే చోట, ఒకే బరువుతో అడుగు మీద అడుగు వేస్తాడు. మొదట ఆనెకాయ కాస్తుంది. ఆ గట్టి చర్మం కింద నలిగి, లోపల పుండు పడుతుంది. పైకి ఎండిన మచ్చలా ఉంటుంది.

దీనికి విరుద్ధమైనది కూడా మా వార్డులోనే చూస్తాం. కుళ్లు పైకి పాకి కాలు తీసేయవలసి వచ్చినవారిలో కొందరికి, లేని కాలి బొటనవేలు దురద పెడుతుంది, లేని మడమ మెలితిప్పుతుంది. ఇన్నాళ్లు ఉన్న పాదం తెలియలేదు, ఇప్పుడు లేని పాదం తెలుస్తోంది. ఇంట్లోవారు భయపడి ప్రార్థన చేయించమంటారు. ప్రార్థన చేద్దాం, కానీ అది పిచ్చి కాదు, దయ్యం కాదు. మెదడులో పాదానికి కేటాయించిన చోటు అలాగే ఉంటుంది, అది ఊరుకోదు. డాక్టర్ వి.ఎస్. రామచంద్రన్ 1990లలో అద్దం పెట్టె ఉపాయం చెప్పారు. మంచిగా ఉన్న కాలు ప్రతిబింబం లేని కాలు ఉండవలసిన చోట కనిపించేటట్టు అద్దం పెట్టి, మెల్లగా కదిలించమంటారు. కన్ను ఇచ్చిన వార్తతో మెదడు కొందరిలో సర్దుకుని నొప్పి తగ్గుతుంది. అందరికీ పనిచేయదు. మందులు కూడా ఉన్నాయి, డాక్టరుగారిని అడగండి.

మెదడుకు పాదం కబురు పంపనప్పుడు, ఆ పని కంటికి, చేతికి అప్పగించాలి. రాత్రి పడుకోబోయే ముందు అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి. వంగలేనివారు నేల మీద అద్దం పెట్టుకుని చూడవచ్చు. చూపు ఆననివారికి మనవలు చూడాలి. స్నానం నీళ్లు కాలు పెట్టి చూడకండి, మోచేయి పెట్టి చూడండి. కాళ్లకు వేడి నీళ్ల సంచి వద్దు. ఆనెకాయకు మెడికల్ షాపు నుండి తెచ్చిన కార్న్ క్యాప్ అతికించవద్దు, దానిలోని ఆమ్లం మంచి చర్మాన్ని కూడా తింటుంది. బ్లేడుతో కోసుకోవడం గురించి చెప్పనే అక్కరలేదు. మెదక్ చర్చికి, గుణదల కొండకు వెళ్లినప్పుడు ఎండాకాలం బండల మీద చెప్పులు లేకుండా నడిచి, అరికాళ్లు బొబ్బలెక్కి, రెండు రోజుల తరువాత గమనించినవారు ఉన్నారు. షుగరు ఉన్నవారు చెప్పులతో నడిస్తే భక్తి తగ్గదని నా అభిప్రాయం.

స్పర్శ ఉందో లేదో ఇంట్లోనే చూసుకునే పద్ధతి ఒకటి ఉంది. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ పట్టణం పేరుతో దీనిని పిలుస్తారు. పేషెంటును పడుకోబెట్టి, కుడి ఎడమ ఏదో ముందు కాళ్లు పట్టుకుని చెప్పి, కళ్లు మూసుకోమనండి. మీ చూపుడువేలి కొసతో మెత్తగా, ఒకటి రెండు సెకన్లు మాత్రం, కుడి బొటనవేలు, కుడి చిటికెన వేలు, ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెన వేలు, ఆ తరువాత కుడి నడిమి వేలు, ఎడమ నడిమి వేలు తాకండి. తాకినప్పుడల్లా కుడో ఎడమో చెప్పాలి. నొక్కకూడదు, గిచ్చకూడదు, చెప్పలేదని రెండోసారి తాకకూడదు. ఆరింటిలో రెండు గానీ ఎక్కువ గానీ తెలియకపోతే స్పర్శ పోయినట్టే లెక్క. అప్పుడు ఆసుపత్రిలో 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతోను, 128 సంఖ్య గల శ్రుతిదండంతోను సరిగ్గా పరీక్ష చేస్తాము. స్పర్శ తగ్గినవారికి ఎం.సి.ఆర్. చెప్పులు వ్రాస్తారు. మెత్తని రబ్బరుతో చేసే ఈ చెప్పులు కుష్ఠు ఆసుపత్రుల నుండి వచ్చినవే. "ఆ రోగుల చెప్పులు నేను ఆఫీసుకు ఎట్లా వేసుకోవాలి మేడమ్?" అని ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి అడిగాడు. ఇప్పుడు అదే రబ్బరుతో మామూలు శాండిల్స్, బూట్లు కుట్టి ఇస్తున్నారు, బయటికి తేడా తెలియదు. కొత్తవి సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కొంచెం వాచి ఉంటుంది, సరైన సైజు తెలుస్తుంది.

ఎక్కడైనా చర్మం చిట్లినా, రంగు మారినా, ఒక పాదం మాత్రం నొప్పి లేకుండా ఎర్రగా, వేడిగా వాచినా, మరునాటి దాకా ఆగకుండా అదే రోజు రండి. నొప్పి లేని వాపులో ఎముకలు లోపల విరుగుతూ ఉండవచ్చు, దాని మీద నడవకూడదు, బండి మీదో ఆటోలోనో రావాలి. షుగరు పుస్తకం, వాడే మందులు తెచ్చుకోండి. రోజూ వేసుకునే బూట్లు, చెప్పులు కూడా సంచిలో పెట్టుకు రండి. వాటి లోపల చెయ్యి పెట్టి తడిమి చూస్తే, మేకు మొనో, గులకరాయో, ముడుచుకున్న అట్టో చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.